చల్లారితేగానీ

ఏటుకూరు రోడ్డు మీద కోల్డ్ స్టోరేజీ.
నాలుగు మూలలా నాలుగు స్తంభాలు,
ఒక్కోదానికి నాలుగొందల వాట్ల మెటల్ హాలైడ్ దీపం.
గేటు పక్కన నా కుర్చీ, నా టార్చీ, నా దగ్గు.
దగ్గు మిరపకోరుదో అమోనియాదో
పెద్దాసుపత్రిలో కూడా తేలలేదు.

అంతకుముందు సోడియం దీపాలుండేవి.
ఆ పసుపు కింద
తేజా కాయైనా తాలు కాయైనా
ఒకటే చింతపండు రంగు.
ఓనరు ఒక లోడు మోసపోయాక మార్పించాడు.
కొత్తవి వెలిగిన రాత్రి
తొడిమలు తీసే దీనమ్మ
ఒళ్లోని కాయల్ని కాదు,
తన వేళ్లని చూసుకుంది.
"ఇంత ఎర్రగున్నయ్యా ఇవి" అని
కొంగులో దాచుకుంది.

స్తంభం దిగి బాజీ చెప్పాడు:
"ఇది ట్యూబులైటు కాదు మావా,
పౌరుషం జాస్తి.
కరెంటు ఒక్క రెప్ప ఏసిందా, మళ్లీ వచ్చినా సరే,
లోపలి వేడి చల్లారితేగానీ అంటుకోదు.
పది నిమిషాలు. అలిగితే పదిహేను.
నువ్వు స్విచ్చి కొట్టీ కొట్టీ చావమాకు.
పైఅద్దం పగిలితే మాత్రం కింద నిలబడొద్దు,
కళ్లు మండుతయ్."
గుంటూర్లో పుట్టినోణ్ణి,
కళ్లు మండటం నాకు చెబుతున్నాడు.

ఎండలు ముదిరాయి. రేటు పడింది.
గదులు నిండిపోయి
షెడ్డు బయట పట్టాల కింద టిక్కీలు.
ఒక రాత్రి గాలి లేచి కరెంటు రెప్ప వేసింది.
ఆఫీసులో ఫ్యాను మళ్లీ తిరిగింది.
స్తంభాలు నాలుగూ నల్లగా నిలబడ్డాయి.

చీకట్లో చోక్‌ల మూలుగు.
ఎక్కడో కుక్క.
తర్వాత, మూడో స్తంభం దగ్గర,
గోనె కుట్టు తెగిన చప్పుడు.

లేచాను. టార్చీ బటను మీద వేలుంది.
ఎందుకో నొక్కలేదు.

దీపం మొదలైంది.
ముందు వంకాయ రంగు చుక్క.
కాసేపటికి నాచు పచ్చ.
ఆ పచ్చలో పగిలిన మడమలు కనిపించాయి,
తర్వాత తువ్వాలు,
తువ్వాల్లోకి కాయలు ఒంపుతున్న చెయ్యి.
మొహం ఇంకా రాలేదు గానీ
ఆ చేతిని ఎరుగుదును.
పెదనందిపాడు అవతలి కౌలు రైతు, సాంబశివుడు.
ఈ నెలలో మూడుసార్లు గేటు పట్టుకుని
రేటెంతని నన్నడిగాడు, నాకేదో తెలిసినట్టు.
ఎనభై రెండు టిక్కీలు.
రసీదు బ్యాంకులో, అప్పు ఇంట్లో.
పోయిన వారం చెప్పాడు, నవ్వుతానే:
"కూరలోకి కారం నిండుకుంటే
మా ఆవిడ కొట్లో పొట్లం కొనుక్కొచ్చిందయ్యా."

దీపం తెల్లబడటానికి
ఇంకో రెండు నిమిషాలుంది.
నేను గోడవైపు తిరిగాను.
దగ్గాను. మామూలుగా దగ్గి,
చాలదనిపించి, గట్టిగా దగ్గాను.
ఇన్నేళ్లకి అది ఒక పనికొచ్చింది.

వెనక్కి తిరిగేసరికి
పట్టపగల్లా తెల్లటి వెలుగు.
తెగిన కుట్టు, నేలమీద ఏడెనిమిది కాయలు,
అచ్చంగా ఎర్రటివి, ఒక్కటీ తాలు లేదు.
ఏరి లోపల వేసి దబ్బనంతో కుట్టాను.
పొద్దున గుమాస్తా తూకం చూసి అడిగితే
తేమ తరుగన్నాను.

నిన్న ఎల్ఈడీలు వచ్చాయి.
స్తంభం మీంచి బాజీ అరిచాడు:
"ఇట్టా నొక్కితే అట్టా వెలుగు మావా,
దొంగకి తల తిప్పే టైముండదు!"
"నాకో?" అన్నాను.
గాలికి వినపడలేదు వాడికి.

పాత చోక్ ఒకటి నా కుర్చీ కింద పడేసిపోయాడు,
తూకానికి అమ్ముకోమని.
చంటిపిల్లంత బరువుంది.
చెయ్యేసి చూశాను,
ఇంకా చల్లారలేదు.